లండన్‌లో యుద్ధ వ్యతిరేక ఊరేగింపుకు వెళ్లే ముందు

2003 ఫిబ్రవరి 15న, ఇరాక్ మీద యుద్ధం వద్దంటూ లండన్‌లో జరిగిన ఊరేగింపులో నేనూ నడిచాను. పోలీసుల లెక్కకు 7.5 లక్షల మంది, నిర్వాహకుల లెక్కకు దాదాపు 20 లక్షలు. అంత జనంలో నన్ను ఏడిపించినవి మాత్రం నా పలచటి గుడ్డ బూట్లు. నత్తనడకన సాగే జనంలో గంటల తరబడి నిలబడితే నేల చలి అరికాళ్ల నుంచి పాకుతుంది. హైడ్ పార్క్ చేరేసరికి కాలివేళ్లు ఉన్నాయో లేవో తెలియలేదు. అన్నట్టు, పచ్చిక పాడవుతుందని ఆ పార్కులో సభకు మొదట అనుమతి నిరాకరించబోయారు కూడా.

ఇప్పటికీ ఇలాంటి ఊరేగింపు ఉందంటే చాలు, కొత్తగా వచ్చిన మన విద్యార్థులు ఒకటే అడుగుతారు: "అన్నా, వెళ్తే వీసాకు ఏమైనా అవుతుందా?" వీసా మీద ఉన్నవారు శాంతియుత ప్రదర్శనలో నడవకూడదన్న నిబంధన లేదు. చిక్కంతా అరెస్టయితేనే. తరువాత పెట్టుకునే వీసా దరఖాస్తుల్లో కోర్టు శిక్షలతో పాటు పోలీసులిచ్చే 'కాషన్' గురించి కూడా రాయాల్సి వస్తుంది. పేరు విని మందలింపే కదా, సంతకం పెట్టి ఇంటికి పోదాం అనిపిస్తుంది. కానీ ఆ సంతకంతో నేరం ఒప్పుకున్నట్టే. న్యాయవాదితో మాట్లాడకుండా పెట్టవద్దు. స్టేషన్‌లో న్యాయవాది సాయం ఎవరికైనా ఉచితం. అవసరమైతే దుబాసీని కూడా ఉచితంగానే ఇస్తారు.

బయలుదేరే రోజు పొద్దున లండన్ పోలీసుల ప్రకటన చదవండి. 1986 నాటి పబ్లిక్ ఆర్డర్ చట్టం కింద ఊరేగింపు ఏ దారిలో వెళ్లాలో, ఎన్ని గంటలకు ముగియాలో వారు షరతులు పెట్టవచ్చు. "నాకు తెలియదు" అంటే ఒకప్పుడు చెల్లేది. 2022లో చట్టం మార్చాక, తెలిసి ఉండాల్సిన విషయమైతే ఆ మాట చెల్లదు. సభ ముగిశాక కబుర్లు చెప్పుకుంటూ అక్కడే నిలబడిపోయేవారు ఎక్కువగా మనవాళ్లే. గడువు దాటకుండా కదలండి.

ఇంకొకటి. దారిలో ఎవరో నవ్వుతూ చేతికి నినాదం రాసిన అట్ట అందిస్తారు. రెండు వైపులా చదివాకే పట్టుకోండి. నిషేధిత సంస్థకు మద్దతు తెలిపే రాతలు, జెండాలు, చొక్కాలు ఉగ్రవాద నిరోధక చట్టం కిందికి వస్తాయి. దాని ముందు వీసా చిక్కులు చిన్నవి. మీ అట్ట మీరే రాసుకుంటే ఈ బాధ ఉండదు. దానికి లావుపాటి కర్ర తగిలించకండి, వెనుకవారి కన్ను పోతుంది.

వెళ్లే దారి అందరూ చూసుకుంటారు. బయటపడే దారి చూసుకునేవారు తక్కువ. చాలా ఊరేగింపులు మొదలయ్యే విక్టోరియా ఎంబాంక్‌మెంట్‌నే తీసుకోండి. ఒక పక్క థేమ్స్ గోడ, ఇంకో పక్క పెద్ద పెద్ద భవనాలు, మధ్యలో సందులు తక్కువ. జనం నిండాక అక్కడ పక్కకు తప్పుకోవడం కష్టం. ఎంబాంక్‌మెంట్ రైలు స్టేషన్ దగ్గర మెట్లెక్కితే కాలినడక వంతెన మీదుగా నది దాటవచ్చు. అవతల రాయల్ ఫెస్టివల్ హాల్ ఉంది, అందులో మరుగుదొడ్లు ఉన్నాయి. తప్పిపోతే కలుసుకునే చోటుగా దాన్నే చెప్పుకోండి. జనం ఎక్కువైన కొద్దీ ఫోను పని చేయదు, సిగ్నల్ కోసం వెతికి వెతికి బ్యాటరీ ఖాళీ చేస్తుంది. కలుసుకునే చోటు, సమయం కాగితం మీద రాసి అందరి జేబుల్లో పెట్టండి. ఫోనుకు వేలిముద్రతో, ముఖంతో తెరుచుకునే తాళం తీసేసి అంకెల తాళం పెట్టండి.

తోపులాట మొదలవకముందే శరీరం చెబుతుంది. చేయెత్తి ముక్కు గోక్కోవడానికి చోటు లేదంటే ఇక అక్కడ ఉండకూడదు. జనానికి ఎదురు వెళ్లకండి. వారితో పాటే కదులుతూ, తోపుల అలల మధ్య సందు చూసుకుని ఏటవాలుగా అంచుకు చేరండి. రెండు పిడికిళ్లూ ఛాతీ ముందుకు తెచ్చి మోచేతులు కాస్త ఎడంగా పెడితే ఊపిరికి చోటు దొరుకుతుంది. గోడకు, ఇనుప కంచెకు ఆనుకోకండి. ఫోను కింద పడితే పడనివ్వండి, వంగవద్దు.

పోలీసులు చుట్టూ వరుస కట్టి జనాన్ని ఒకేచోట ఆపేయడాన్ని కెట్లింగ్ అంటారు. 2001 మే 1న ఆక్స్‌ఫర్డ్ సర్కస్ దగ్గర వేల మందిని అలా దాదాపు 7 గంటలు నిలబెట్టారు. ఆ దారిన పోతూ చిక్కుకున్నవారు కూడా ఉన్నారు. వారి వ్యాజ్యం యూరప్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్లినా 2012లో గెలవలేదు. కనుక ఆ 7 గంటలకు సరిపడా సిద్ధమై వెళ్లండి: వేసుకునే మందులు, నీళ్లు, ఒకదాని మీద ఒకటి రెండు మూడు పొరల బట్టలు, మందపాటి మేజోళ్లు. తిండికి నా ఓటు పులిహోరకే. చల్లారినా బాగుంటుంది, చెంచాతో నిలబడే తినవచ్చు. నీళ్లు గుక్కగుక్కగా తాగండి, కారణం చెప్పనక్కర్లేదు.

పోలీసు ఆపితే గొడవ పడకుండా అడగాల్సిన మాట ఒకటే: "నన్ను ఆపి ఉంచారా, వెళ్లవచ్చా?" వెళ్లవచ్చంటే వెళ్లిపోండి. మామూలు సోదాలో పేరు చెప్పి తీరాలని లేదు, అబద్ధపు పేరు మాత్రం చెప్పవద్దు. సెక్షన్ 60 అనే ప్రత్యేక సోదా ఆదేశం అమలులో ఉన్నచోట అనుమానం లేకుండానే సోదా చేయవచ్చు. ముసుగు తీయమనే ఆదేశం కూడా ఉంటే తీయాలి, కాదంటే నేరం. లేత నీలం రంగు చేతుల్లేని పైతొడుగుల్లో వచ్చి ఎంతో ఆప్యాయంగా కబుర్లు చెప్పేవారు కూడా పోలీసులే. వాతావరణం గురించి మాట్లాడండి, స్నేహితుల గురించి వద్దు.

పోలీసుల తీరును గమనిస్తూ జనంలో తిరిగే న్యాయ పరిశీలకులు న్యాయవాదుల నంబర్లున్న చిన్న కార్డులు పంచుతారు. ఆ నంబరును చెరగని సిరాతో ముంజేతి మీద రాసుకోండి, ఎందుకంటే పోలీసు స్టేషన్‌లో ఫోనూ కార్డూ మీ దగ్గర ఉంచరు. పిల్లలను తెస్తే వారి చేతి మీద మీ నంబరు రాసి, ఊరేగింపు చివరి భాగంలో నడవండి.

ఉపన్యాసాలు పూర్తయ్యేదాకా ఆగవద్దు, ఒక పావుగంట ముందే కదలండి. దగ్గరి రైలు స్టేషన్లు కిక్కిరిసిపోతాయి, ఒక్కోసారి మూసేస్తారు కూడా. హైడ్ పార్క్ నుంచయితే పాడింగ్‌టన్ స్టేషన్ దాకా నడవడమే నయం. తీసిన ఫోటోల్లో తెలియనివారి ముఖాలుంటే బయట పెట్టకండి, వారిదీ ఒక వీసానే కావచ్చు. ఇల్లు చేరగానే గుంపులో ప్రతి ఒక్కరూ "చేరాను" అని ఒక్క మాట పంపాలి. రాత్రి 9 గంటలకు కూడా ఎవరిదైనా ఆ మాట రాకపోతే, ముంజేతి మీది నంబరుకు మీరే ఫోన్ చేయండి.