తిరుపతికి వచ్చేయాలా, జర్మనీలోనే ఉండాలా: లెక్క వేసే పద్ధతి

జీతాల తేడా పక్కనపెట్టి ముందు పింఛను నెలలు లెక్కపెట్టండి. జర్మనీలో 60 నెలల చందా నిండితే వృద్ధాప్య పింఛనుకు హక్కు వస్తుంది, తిరుపతిలో ఉన్నా అందుతుంది. 2017 మే నుంచి అమల్లో ఉన్న భారత్-జర్మనీ ఒప్పందం వల్ల ఇక్కడి పీఎఫ్ కాలమూ అర్హతకు కలుస్తుంది. అయినా నిండకపోతే, దేశం వదిలిన 24 నెలల తర్వాతే వాపసు అడగాలి. అదీ మీ వాటా మాత్రమే, యజమాని కట్టిన సగం రాదు. 56వ నెలలో టికెట్టు కొనడం తొందరపాటు.

అసలు బరువు వైద్యానిది. అక్కడి ప్రభుత్వ బీమా పాత జబ్బులనూ చూస్తుంది. ఇక్కడ కొత్త పాలసీలో షుగరు, బీపీలకు 36 నెలల దాకా ఆగాల్సి రావచ్చు. వీలైతే మూడేళ్ల ముందే తీసుకోండి. స్విమ్స్, రుయా ఆస్పత్రులు దగ్గరున్నాయన్న ధీమా చాలదు. మీరు వెళ్లే ఆస్పత్రిలో క్యాష్‌లెస్ ఉందో లేదో అడగండి.

జర్మనీ ప్రభుత్వం ఇచ్చే పిల్లల భత్యం ఆగుతుంది, బడి ఫీజు మొదలవుతుంది.

వచ్చాక ఎన్‌ఆర్‌ఈ ఖాతాను (విదేశాల్లో ఉండేవారి రూపాయి ఖాతా) రెసిడెంట్ ఖాతాగా మార్పించాలి. యూరోలు యూరోలుగానే ఉండాలంటే ఆర్‌ఎఫ్‌సీ ఖాతా (తిరిగొచ్చినవారి విదేశీ కరెన్సీ ఖాతా) తెరవండి.

చివరగా, ఏదీ తేల్చుకోకముందే, సంక్రాంతికి కాదు, మే నెలలో వచ్చి అద్దె ఇంట్లో నెల్లాళ్లు ఉండి, ప్రతి ఖర్చూ రాసిపెట్టుకోండి.