ఇంటి దగ్గర ఇంగ్లీషు – పాఠం 14: వస్తా ఉండాడు, ఎట్టా వస్తా ఉండాడు?

పోయిన పాఠంలో ‘ఈజ్’, ‘యామ్’, ‘ఆర్’ తర్వాత క్రియకు ‘ఇంగ్’ తగిలించి, కళ్లెదుట జరుగుతున్న పనిని చెప్పడం నేర్చుకున్నాం. ‘హీ ఈజ్ కమింగ్.’ ‘దే ఆర్ వెయిటింగ్.’ ఈ ‘కమింగ్’, ‘వెయిటింగ్’ లాంటి రూపాల పేరు ప్రెజెంట్ పార్టిసిపుల్. పేరు గుర్తులేకపోయినా ఫర్వాలేదు, ‘ఇంగ్ మాట’ అనుకోండి. ఇవాళ ఆ ఇంగ్ మాటకు తోడు తెచ్చుకుందాం. పని ఎలా సాగుతోంది, ఎక్కడ, ఇంకా సాగుతోందా అని చెప్పే మాటను మన వ్యాకరణంలో క్రియావిశేషణం అంటాం. ఇంగ్లీషులో యాడ్వెర్బ్.

నెల్లూరు పక్క పుట్టినవాళ్లకు ఈ పాఠంలో సగం ముందే వచ్చు. ఎందుకో చూడండి. పుస్తకాల్లో ‘వస్తున్నాడు’ అని ఒకే మాటగా రాస్తారు. మనం ఇంట్లో ‘వస్తా ఉండాడు’ అంటాం, రెండు ముక్కలుగా. ‘వస్తా’ అంటే ‘కమింగ్’, ‘ఉండాడు’ అంటే ‘ఈజ్’. ఇంగ్లీషువాళ్లు ఉండడాన్ని ముందు చెప్పి పనిని తర్వాత చెబుతారు, మనం పనిని ముందు చెబుతాం. అంతే తేడా. ఈ మాటతీరును బడిలో దిద్దుతారు గానీ, ఇంగ్లీషు నేర్చుకునేటప్పుడు ఇంతగా అక్కరకొచ్చేది ఇంకోటి లేదని నేను గట్టిగా నమ్ముతాను.

రెండు ముక్కలున్నాయంటే మధ్యలో ఒక సందు ఉన్నట్టే. ఆ సందు చూడడమే ఇవాళ్టి పాఠం.

నవంబరులో ముసురు పట్టింది. మధ్యాహ్నం ‘వాన పడతా ఉండాది’ అన్నాం. సాయంత్రానికీ వెలవలేదు. అప్పుడేమంటాం? ‘వాన పడతానే ఉండాది.’ సందులోకి ఒక్క ‘ఏ’ దూరింది, అర్థం మారిపోయింది. ఇంగ్లీషులో ఆ పని చేసే మాట ‘స్టిల్’. అదీ సరిగ్గా ఆ సందులోనే కూర్చుంటుంది: ‘ఇట్ ఈజ్ స్టిల్ రెయినింగ్.’

ఈ సందులోకి అన్ని మాటలూ దూరవు. స్టిల్, ఆల్వేస్, జస్ట్, ఆల్‌రెడీ, ఆల్సో లాంటి చిన్న మాటలకు అది సొంత చోటు. ‘షి ఈజ్ జస్ట్ లీవింగ్’ అంటే ఇప్పుడే బయల్దేరుతోంది. ‘వీ ఆర్ ఆల్‌రెడీ వెయిటింగ్’ అంటే మేం అప్పుడే వచ్చి కాచుకోనుండాం.

‘ఆల్వేస్’ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. ‘హీ ఆల్వేస్ కమ్స్ లేట్’ అంటే అతను ఎప్పుడూ ఆలస్యంగా వస్తాడని మామూలుగా చెప్పడం. ‘హీ ఈజ్ ఆల్వేస్ కమింగ్ లేట్’ అంటే మాత్రం గొంతులోకి విసుగు వచ్చేసినట్టే. ‘ఎప్పుడు చూసినా ఆలస్యంగానే వస్తా ఉంటాడు’ అని మనం మొహం చిట్లించి అనే మాట అది. పై అధికారి గురించి పొరపాటున ఇలా అనేస్తే, మీరు ఫిర్యాదు చేస్తున్నారని ఎదుటివాళ్లు అనుకుంటారు. మంచికీ వాడొచ్చు: ‘షి ఈజ్ ఆల్వేస్ హెల్పింగ్ సమ్‌బడీ.’ ఎప్పుడూ ఎవరికో ఒకరికి సాయం చేస్తానే ఉంటుంది.

ఇక ‘ఎట్టా’ అనే ప్రశ్నకు జవాబిచ్చే మాటలు: స్లోలీ, హెవీలీ, క్వయట్లీ, వెల్, ఫాస్ట్. మాట్లాడేటప్పుడు ఇవి ఎక్కువగా ఇంగ్ మాట వెనకే వస్తాయి. ‘హీ ఈజ్ వాకింగ్ స్లోలీ.’ ‘షి ఈజ్ స్లీపింగ్ క్వయట్లీ.’ తెలుగులో ‘మెల్లగా’ ముందు, ‘నడుస్తా’ తర్వాత. ఇంగ్లీషులో తిరగేయాలి.

మైపాడు వైపు రొయ్యల గుంటల దగ్గర పనిచేసే ఒక కుర్రాడికి ఈ పాఠాలు చెబుతున్నాను. తెల్లవారుజామున నాలుగింటికి టార్చిలైటు పట్టుకుని గట్టు మీద తిరిగి, గుంట ఎట్టా ఉందో మదరాసులో ఉన్న టెక్నీషియన్‌కి ఫోన్లో ఇంగ్లీషులో చెప్పాలి. ‘ప్రాన్స్ ఆర్ స్విమ్మింగ్’ అని ఊరుకుంటే ఆయనకు ఏం తెలుస్తుంది? రొయ్యలు ఈదక ఏం చేస్తాయి! నీళ్లలో నాచు రాత్రంతా ఆక్సిజన్ పీల్చుకుంటుంది, ఎండ లేదు కాబట్టి తిరిగి ఇవ్వదు. అందుకే తెల్లారేముందు గుంటలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ ఉంటుంది. అప్పుడు రొయ్యలు పైకి తేలి నీరసంగా ఈదుతాయి. కాబట్టి చెప్పాల్సిన మాట ఇది: ‘ద ప్రాన్స్ ఆర్ స్విమ్మింగ్ స్లోలీ నియర్ ద సర్ఫేస్.’ ఆ వాక్యంలో కబురంతా ‘స్లోలీ’లోనే ఉంది. అవతలాయన వెంటనే అడిగే ప్రశ్న: ‘ఆర్ ద ఏరియేటర్స్ స్టిల్ రన్నింగ్?’ ఏరియేటర్లు, అంటే గుంట నీళ్లలో గాలి కలిపే యంత్రాలు, ఇంకా తిరగతానే ఉండాయా? ప్రశ్నలో ‘ఆర్’ ముందుకు పోయినా, ‘స్టిల్’ మాత్రం ఇంగ్ మాటను వదలకుండా దానికి ముందే నిలబడింది చూడండి.

మేత వేస్తున్నాడనుకోండి. ‘జాగ్రత్తగా మేత వేస్తా ఉండాడు’, ‘మేత జాగ్రత్తగా వేస్తా ఉండాడు’, తెలుగులో రెండూ చెల్లుతాయి. ఇంగ్లీషులో మాత్రం ఇంగ్ మాటకూ, అది పట్టుకున్న వస్తువుకూ మధ్య ఎవరినీ రానివ్వరు. ‘హీ ఈజ్ ఫీడింగ్ ద ప్రాన్స్ కేర్‌ఫుల్లీ’ సరైనది. ‘ఫీడింగ్ కేర్‌ఫుల్లీ ద ప్రాన్స్’ అనకూడదు. ‘హీ ఈజ్ కేర్‌ఫుల్లీ ఫీడింగ్ ద ప్రాన్స్’ అని సందులో పెట్టడమూ తప్పు కాదు, రాతలో ఎక్కువ కనిపిస్తుంది.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది ‘చాలా’ దగ్గర. ‘వాన చాలా పడతా ఉండాది’ అనే అలవాటుతో ‘ఇట్ ఈజ్ వెరీ రెయినింగ్’ అనేస్తారు. జరుగుతున్న పనికి ‘వెరీ’ నేరుగా అతకదు. ‘ఇట్ ఈజ్ రెయినింగ్ హెవీలీ’ అనాలి. వెరీ కావాల్సిందే అనుకుంటే ఇంకో యాడ్వెర్బ్‌కి అతికించండి: ‘రెయినింగ్ వెరీ హెవీలీ’. మరి ‘వెరీ ఇంట్రెస్టింగ్’, ‘వెరీ టైరింగ్’ అంటారు కదా అని అడగొచ్చు. మంచి ప్రశ్న. అవి చూడ్డానికి ఇంగ్ మాటలే అయినా అక్కడ పని జరగడం లేదు, గుణం చెబుతున్నాయి. ‘ద జర్నీ ఈజ్ వెరీ టైరింగ్’ అంటే ప్రయాణం బాగా అలసట తెప్పించేది అని. మాట ఏ జాతిదో తెలియకపోతే ముందు ‘వెరీ’ పెట్టి చూడండి. అతికితే విశేషణం, అతకకపోతే క్రియ.

‘హార్డ్’, ‘హార్డ్లీ’ సంగతి చెప్పకుండా ఈ పాఠం ముగించలేను. ‘లీ’ చేరిస్తే యాడ్వెర్బ్ అవుతుందని నేర్చుకున్న ఒకమ్మాయి, ఉద్యోగం ఇంటర్వ్యూలో తాను కష్టపడి పనిచేస్తున్నానని చెప్పబోయి ‘ఐ యామ్ హార్డ్లీ వర్కింగ్’ అంది. దానర్థం ‘నేను దాదాపు ఏ పనీ చెయ్యడం లేదు’ అని. నిజంగా కష్టపడే పిల్ల. తర్వాత నాతో చెబుతూ కళ్లనీళ్లు పెట్టుకుంది. ‘ఐ యామ్ వర్కింగ్ హార్డ్’ అనాల్సింది. ‘ఫాస్ట్’ కూడా అంతే, ‘ఫాస్ట్లీ’ అనే మాటే లేదు. ‘లేట్’ అంటే ఆలస్యంగా, ‘లేట్లీ’ అంటే ఈమధ్య.

మెల్లమెల్లగా, గబగబా, చకచకా అని మనం జంటగా పలికే మాటలను ‘స్లోలీ స్లోలీ’ అని మార్చకండి. ‘షి ఈజ్ గ్రాడ్యువల్లీ ఇంప్రూవింగ్’ అంటే మెల్లమెల్లగా కోలుకుంటోంది. ఒక్క మాట చాలు.

ఈ వారం సాధనకు బస్టాండే మంచి చోటు. ఆత్మకూరు బస్టాండో, ఒంగోలు బస్టాండో, మీకు దగ్గరున్నదానికి వెళ్లి పావుగంట కూర్చోండి. కనిపించిన ప్రతి మనిషి గురించీ మనసులో ఒక ఇంగ్ వాక్యం, దానికి ఒక యాడ్వెర్బ్. తర్వాత ఇంటికొచ్చి ఈ నాలుగూ ఇంగ్లీషులో రాయండి, జవాబులు 15వ పాఠం మొదట్లో ఇస్తాను:

పాప ఇంకా ఏడుస్తానే ఉండాది.
అమ్మ పూలు గబగబా కడతా ఉండాది.
మా నాయన ఈమధ్య బాగా నిద్రపోతా ఉండాడు.
బస్సు ఇప్పుడే బయల్దేరతా ఉండాది, పరిగెత్తు!