పిల్లలకి తుపాకీ నేర్పించాలంటే తూటా సంగతి చివర్లో

తాత భుజాన వేసుకు తిరిగిన తుపాకీ, నాన్న చేతికొచ్చిన తుపాకీ, ఇప్పుడు మా వాడికి అని మురిసిపోయే ఇళ్లలో తరచూ జరిగే తప్పు ఒకటుంది. మొదటి రోజే ఆ పెద్ద తుపాకీని పిల్లాడి చేతిలో పెడతారు, అది వెనక్కి తన్ని వాడు తూలిపడబోతే అందరూ నవ్వుతూ వీడియో తీస్తారు. ఆ ఒక్క తన్నుతో వాడికి ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకుపోవడం అలవాటవుతుంది. తర్వాత అది వదిలించడానికి తల ప్రాణం తోకకొస్తుంది.

ముందు చట్టం చూసుకోండి. పిల్లలు ఏ వయసు నుంచి, ఎవరి సమక్షంలో, ఎక్కడ కాల్చవచ్చన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, కొన్నిచోట్ల ఎయిర్ గన్‌కి కూడా లైసెన్సు కావాలి. మా ఇంట్లో తాతల నుంచీ ఉందండీ అంటే పోలీసులు ఊరుకోరు.

ఎన్నేళ్లకు మొదలుపెట్టాలి అంటే, నా లెక్కలో వయసు కన్నా ముందు చూడాల్సింది వేరే ఉంది. ఆటలో పీకల్లోతు మునిగి ఉన్నప్పుడు "ఆగు" అంటే ఆ క్షణానే ఆగుతారా? మీరు గదిలో లేనప్పుడు కూడా చెప్పిన మాట వింటారా? కోపమొస్తే చేతిలో ఉన్నది విసిరికొడతారా? వీటికి జవాబు తేలేదాకా ఎయిర్ గన్ కూడా వద్దు. అసలు పిల్లలకే ఇష్టం లేకపోతే, వంశం పేరు చెప్పి బలవంతపెట్టకండి.

నేర్పడం ఇంట్లో మొదలవ్వాలి, తూటాలు వేరే గదిలో తాళం వేసి ఉండగా. నాలుగు రూల్స్. ఏ తుపాకీ అయినా అందులో తూటా ఉన్నట్టే లెక్క. కాల్చకూడని దేనివైపూ గొట్టం తిరగకూడదు. గురి కుదిరి, కాలుద్దామని అనుకునేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. ఎదురుగా ఉన్నదేంటో, దాని వెనకాల ఏముందో తెలియకుండా కాల్చకూడదు. ఈ నాలుగోది పిల్లలకి అంత తొందరగా ఎక్కదు, ఎందుకంటే గురిపెట్టిన అట్టముక్కకి తగిలితే తూటా అక్కడితో ఆగిపోతుందనుకుంటారు. పాయింట్ 22 తూటా (అడ్డంగా కొలిస్తే సుమారు 0.22 అంగుళాలుండే చిన్న రకం) చూడ్డానికి ఇంతే ఉంటుంది కానీ అడ్డం లేకపోతే కిలోమీటరున్నర దాటి పోగలదు, అందుకే అట్ట వెనక మందపాటి మట్టికట్ట ఉండాలని చెప్పండి. రాళ్లు, నీళ్లు, గట్టి ఇనుము ఉన్నవైపు వద్దు, తూటా ఎటు ఎగిరొస్తుందో ఎవరూ చెప్పలేరు.

ఈ రూల్స్ మీకూ వర్తిస్తాయి, అసలు కష్టం ఇక్కడే. మాట్లాడుతూ మాట్లాడుతూ మీ గొట్టం పక్కకి తిరిగితే "నాన్నా, గొట్టం!" అని పిల్ల అరవాలి, మీరు కసురుకోకుండా వెంటనే సరిచేసుకోవాలి. పెద్దవాళ్లకి మినహాయింపు ఉందని ఒక్కసారి అర్థమైందంటే, పెద్దయ్యాక తమకీ ఉంటుందనే అనుకుంటారు.

ఖాళీయో కాదో చూడడం ఒక క్రమంలో నేర్పండి. గొట్టం గోడవైపు కాదు, తూటా పేలినా ఎవరికీ ఏమీ కాని దిక్కుకి. మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) తీసేయాలి, బోల్ట్ (తూటాని లోపలికి తోసే కడ్డీ) వెనక్కి లాగాలి, లోపలికి కళ్లతో చూడాలి, చిటికెన వేలితో తడమాలి. మ్యాగజైన్ తీయకుండా బోల్ట్ లాగితే ఒక తూటా బయటికి పడుతుంది, ఖాళీ అయిందనుకుని బోల్ట్ ముందుకు తోస్తే ఇంకోటి లోపలికి వెళ్లిపోతుంది. ఎంతమంది పెద్దవాళ్లు ఇక్కడ పప్పులో కాలేస్తారో! మందు లేని డమ్మీ తూటాలతో చేసి చూపిస్తే పిల్లలు జన్మలో మరిచిపోరు. ఒకరు తుపాకీ అందిస్తున్నప్పుడు ఇద్దరూ చూడాలి, ఇచ్చేవాళ్లు, తీసుకునేవాళ్లు.

ట్రిగ్గర్ నొక్కడం కూడా డమ్మీలతోనే ప్రాక్టీస్ చేయించండి. పాయింట్ 22ని పూర్తి ఖాళీగా పదేపదే నొక్కితే తూటాని పేల్చే పిన్ను పోయి, తూటా కూర్చునే ఛాంబర్ అంచుకి కొట్టుకుని పాడయ్యే మోడల్స్ ఉన్నాయి, స్ప్రింగ్ ఎయిర్ గన్‌ని పెల్లెట్ (దాని చిన్న గుండు) లేకుండా పేలిస్తే దాని ప్రాణం తీసినట్టే.

తుపాకీ ఏది? ఎయిర్ రైఫిల్, లేదా ఒక్కోసారి ఒక్క తూటానే పట్టే పాయింట్ 22 బోల్ట్ రైఫిల్. బరువు తక్కువ, తన్ను దాదాపు ఉండదు. భుజానికి ఆనే బట్ పొడుగు మాత్రం సరిపోవాలి, పెద్దవాళ్ల రైఫిల్ ఇస్తే పిల్లలు నడుం వెనక్కి వంచి విల్లులా నిలబడతారు. ఏ కన్ను బలమైనదో కూడా చూడండి: రెండు చేతులూ చాచి, అరచేతుల మధ్య చిన్న సందు చేసి, రెండు కళ్లూ తెరిచి అందులోంచి దూరంగా ఉన్న వస్తువుని చూడమనండి, తర్వాత ఒక్కో కన్నూ మూయమనండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు వస్తువు కనిపిస్తుందో అదే. కుడిచేతి వాటం ఉండి ఎడమ కన్ను బలంగా ఉంటే, చిన్నప్పుడే ఎడమ భుజానికి మార్చడం తేలిక.

ఇక రేంజ్. కళ్లకి రక్షణ అద్దాలు, చెవులకి ఇయర్ మఫ్స్, వాటి లోపల ఇయర్ ప్లగ్స్ కూడా. చాలా తుపాకుల మోత 140 డెసిబెల్స్ దాటుతుంది, చెవి పాడవడానికి ఒక్క మోత చాలు. మెడ మూసే చొక్కా వేయండి. తూటా పేలాక బయటికి ఎగిరే వేడి ఖాళీ గుల్ల కాలర్‌లో పడిందంటే ఎవరైనా గిర్రున తిరిగేస్తారు, తుపాకీతో సహా.

మొదటిసారి నిలబెట్టొద్దు. కూర్చోబెట్టి, ఇసుక సంచి మీద రైఫిల్ ఆనించి, పది మీటర్లలో పెద్ద కాగితం పెట్టండి. ఒక్క తూటా మీరే చేతికివ్వండి. చూపు ముందు సైట్ (గొట్టం చివర గురి చూసే ముక్క) మీద నిలవాలి, అట్ట మసకగా కనబడినా ఫర్వాలేదు. ఊపిరి సగం వదిలి ఆపి, వేలి మొదటి కణుపుతో మెల్లగా నొక్కుకుంటూ పోవాలి. ఎప్పుడు పేలిందో వాళ్లకే తెలియనట్టు పేలితే సరిగ్గా నొక్కినట్టు. పేలాక కూడా ఒక్క క్షణం గురి అలాగే ఉంచమనండి.

దెబ్బలు అన్నీ కిందకి పోతున్నాయంటే అదురుతున్నారని అనుమానించండి. చెప్పకుండా మధ్యలో ఒక డమ్మీ పెట్టి ఇవ్వండి. టిక్ మంటుంది, గొట్టం ఒక్కసారిగా కిందికి వంగుతుంది, వాళ్ల తప్పు వాళ్లకే కనబడుతుంది. తిట్టాల్సిన పనే లేదు.

నిజం తూటా పెట్టినా టిక్ మని ఊరుకుంటే, గొట్టం అట్టవైపే ఉంచి 30 సెకన్లు కదలకుండా ఆగాలి, ఆలస్యంగా పేలే అవకాశం ఉంటుంది. మామూలు కన్నా నీరసంగా పేలితే ఇంకోటి కాల్చొద్దు, తూటా గొట్టంలోనే ఇరుక్కుని ఉండొచ్చు. ఇలాంటప్పుడు పిల్లలు పక్కకి జరిగి మీకు అప్పగించాలి.

అరగంట చాలు. బాగా కాలుస్తున్నప్పుడే ఆపేయండి, మళ్లీ ఎప్పుడని వాళ్లే అడుగుతారు. అన్నాచెల్లెళ్లు ఉంటే ఒకరి తర్వాత ఒకరిని తీసుకెళ్లండి, ఇద్దరినీ ఒకేసారి చూసుకోవడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. రేంజ్‌లో ఏమీ తినిపించకండి. తూటాల్లో సీసం ఉంటుంది, పిల్లల ఒంటికి అది మరీ చెడ్డది. సబ్బుతో చేతులు, మొహం కడిగించి, ఇంటికి రాగానే బట్టలు మార్పించండి.

ఇంట్లో తుపాకీ ఖాళీగా, తాళంలో ఉండాలి, తూటాలు వేరే చోట, వేరే తాళంలో. మావాడికి అన్నీ నేర్పాను కదా అని తాళం వదులు చేయకండి, వాడితో ఆడుకోవడానికి వచ్చే పిల్లలకి మీరేమీ నేర్పలేదు. వేరేవాళ్లింట్లో తుపాకీ కనబడితే ముట్టుకోకుండా అక్కణ్ణించి వచ్చేసి పెద్దవాళ్లకి చెప్పాలని కూడా నేర్పండి.

అరిచేసే స్వభావం మీదైతే కోచ్ ఉన్న క్లబ్‌లో చేర్పించండి. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ 1984 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది, అందులో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. మీరు వెనక కుర్చీలో కూర్చుని చూడొచ్చు, తర్వాత కారులో "ఎలా కాల్చావ్?" అని కాకుండా "ఏం నేర్చుకున్నావ్?" అని అడగండి.