మినీ గుర్రానికి స్టాల్ కడుతున్నారా? నిలబడ్డ గుర్రాన్ని కొలవకండి

పోయిన వారం తెల్లవారుజామున ఒక స్నేహితుడు ఫోన్ చేశాడు. "గుర్రం లేవట్లేదు, ఒక్కసారి రా" అన్నాడు. నేను వెళ్లేసరికి అతని మినీ ఆడగుర్రం, అంటే పొట్టి జాతి గుర్రం, స్టాల్‌లో (దాన్ని ఉంచే గదిలో) గోడవారగా పడి ఉంది. నాలుగు కాళ్లూ ముడుచుకుపోయి గోడకు అదుముకుని ఉన్నాయి. గోడకు కొట్టిన చెక్క మీద గిట్టలు గీసిన చారలు, ఒకదాని మీద ఒకటి, లెక్కలేనన్ని. రాత్రంతా లేవాలని కొట్టుకుంటూనే ఉందన్నమాట. ఒళ్లంతా పట్టిన చెమట ఆరిపోయి తెల్లగా ఉప్పు తేలింది. ఇద్దరం కలిసి గోడ నుంచి ఇవతలికి లాగితే లేచి నిలబడింది గానీ, రెండు రోజులపాటు మేత సరిగ్గా ముట్టలేదు. డాక్టర్ రోజుకు రెండుసార్లు వచ్చి చూస్తే గట్టెక్కింది.

ఆ స్టాల్ ఐదడుగులకు ఆరడుగులు. "చిన్న గుర్రమే కదా, సరిపోతుందనుకున్నా" అన్నాడు. ఈ మాట నేను చాలామంది నోట విన్నాను. విన్న ప్రతిసారీ నా గుండె జారిపోతుంది.

వానలు దగ్గరపడుతున్నాయి. ఇన్నాళ్లూ పగలంతా బయట తిరిగిన గుర్రాలు ఇక గంటల తరబడి, కొన్నిసార్లు రోజుల తరబడి లోపలే ఉంటాయి. చోటు చాలకపోతే ఆ సంగతి బయటపడేది ఇప్పుడే. స్టాల్ శుభ్రంగా ఉంచండి, నీళ్లు పెట్టండి లాంటివి నేను చెప్పను, అవి మీకు తెలిసినవే. నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా కొలత గురించి.

కొలత

అందరూ చేసే తప్పు ఒక్కటే. నిలబడి ఉన్న గుర్రాన్ని చూసి గది కొలుస్తారు. నడుం దాకా కూడా రాని జంతువు చుట్టూ నాలుగు గోడలు ఊహించుకుంటే ఐదడుగులు కూడా ఎక్కువే అనిపిస్తుంది. కానీ గుర్రం నిలబడి ఉన్నప్పుడు ఇరుక్కోదు. పడుకుని పొర్లినప్పుడు ఇరుక్కుంటుంది.

పొర్లేటప్పుడు ఏం జరుగుతుందో చూడండి. గుర్రం పక్కకు పడుకుని కాళ్లు చాపితే, వీపు నుంచి గిట్టల దాకా ఉన్న దూరం దాదాపు దాని ఎత్తంత. అంటే ఎత్తు కాస్తా వెడల్పు అయిపోతుంది. అక్కడి నుంచి వీపు మీదుగా అవతలి పక్కకు పొర్లితే కాళ్లు అటువైపు అంతే దూరం వెళ్లి పడతాయి. కాబట్టి పొర్లడానికి కావలసింది ఎత్తుకు రెట్టింపు. 34 అంగుళాల గుర్రానికి 68 అంగుళాలు, అంటే ఐదడుగుల ఎనిమిది అంగుళాలు. 38 అంగుళాల గుర్రానికైతే ఆరడుగుల నాలుగు అంగుళాలు. ఇది గది కొలత కాదు. గోడకు తగలకుండా ఒక్కసారి పొర్లడానికి కావలసిన చోటు మాత్రమే. నా స్నేహితుడి స్టాల్‌లో ఒకవైపు అది కూడా లేదు.

ఇక పొడవు సంగతి. గేదె, ఆవు లేచేటప్పుడు ముందు వెనకభాగం ఎత్తుతాయి. గుర్రం అలా కాదు. ముందుకాళ్లు రెండూ ముందుకు చాచి, తల, మెడ ముందుకు విసిరి, ముందుభాగం లేపుతుంది. ఆ తర్వాతే వెనకకాళ్లతో తన్ని నిలబడుతుంది. ముక్కు ముందు గోడ ఉంటే ఆ విసురుకు చోటుండదు. పశువుల కొట్టం కట్టిన అనుభవంతో గుర్రపు స్టాల్ కొలిచేవాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు.

ఎత్తు విషయంలో ఇంకో చిక్కుంది. అమెరికన్ మినియేచర్ హార్స్ అసోసియేషన్ లెక్కలో గుర్రం 34 అంగుళాలు మించకూడదు. అయితే వాళ్లు కొలిచేది మూపు (మెడ, వీపు కలిసే చోటి ఎత్తు) మీద కాదు, జూలులో చివరి వెంట్రుకలు ఉన్న చోట. పెద్ద గుర్రాలను కొలిచేది మాత్రం మూపు పైభాగం దగ్గర. అందుకే కాగితం మీద 34 అని ఉన్న గుర్రం మూపు దగ్గర ఇంకాస్త ఎక్కువే ఉండవచ్చు. కాగితాన్ని నమ్మకండి, టేపు పెట్టి మీరే కొలవండి.

మరి ఎంత ఉండాలి? నా మాట ఇది. ఒక్క మినీకి ఎనిమిది అడుగులకు ఎనిమిది. వీలైతే ఎనిమిదికి పది. ఆరుకు ఎనిమిది అనేది బాగా చిన్న గుర్రానికి, అదీ పగలంతా బయట తిరిగేదానికి, రాత్రి పడకకు మాత్రమే. ఈనబోయే గుర్రానికి, తల్లీపిల్లలకు పదికి పది తగ్గకూడదు. పెద్ద గుర్రాల కోసం కట్టిన పన్నెండుకు పన్నెండు స్టాల్ ఖాళీగా ఉంటే అదే ఇవ్వండి.

ఈ కొలతలన్నీ లోపలివి. బయటి గోడ నుంచి బయటి గోడకు కాదు. మేస్త్రీ చెప్పే అంకెలోంచి గోడ మందం తీసేయండి, లోపల కొట్టే చెక్కల మందం తీసేయండి, మూలన పెట్టే బకెట్టు, గాడి తీసేయండి. మిగిలిందే మీ గుర్రానిది. ఒక తాడు తీసుకుని గుర్రం ఎత్తుకు రెట్టింపు పొడవు కత్తిరించండి. స్టాల్‌లో అన్నీ సర్దేశాక ఆ తాడును నేల మీద అటూ ఇటూ చాచి చూడండి. బకెట్టుకో, గాడికో తగిలిందంటే అక్కడ కాలు తగులుతుంది.

మళ్లీ చెబుతున్నాను. నిలబడ్డ గుర్రానికి కొలవకండి. పొర్లే గుర్రానికి కొలవండి.

పెద్ద గుర్రాల స్టాల్‌లో మినీని పెడితే

చోటు సరిపోతుంది, మిగతావే సరిపోవు. తలుపు కింద నేలకు కాస్త సందు వదలడం మామూలే, పెద్ద గుర్రపు గిట్ట అందులో పట్టదు. మినీ గిట్ట దూరిపోతుంది, పిల్ల కాలైతే మోకాలి దాకా వెళ్లిపోతుంది. దూరింది సులువుగా బయటికి రాదు, ఎందుకంటే గిట్ట వెళ్లేటప్పుడు ఏటవాలుగా వెళ్లి, లాగేటప్పుడు అడ్డం తిరుగుతుంది. తలుపు కింద గానీ, చెక్కల మధ్య గానీ మీ వేళ్లు రెండు కలిపి దూరితే ఆ సందు మూసేయండి.

తలుపు పైసగం తెరిచి ఉంచితే పెద్ద గుర్రం తల బయటపెట్టి చూస్తుంది. మినీకి కనిపించేది చెక్క మాత్రమే. బయట ఏమీ కనిపించక, పక్క గుర్రం కనిపించక అది టెన్షన్ పడుతుంది, గిరగిరా తిరుగుతుంది, తలుపు తన్నుతుంది. తలుపు కిందిసగంలో గట్టి ఇనుప జాలీ వేయించండి. జాలీ కన్నాలు రెండు అంగుళాలకు నాలుగు అంగుళాలు మించకూడదు.

గాలి విషయం కూడా ఎత్తుతో ముడిపడిందే. నానిన మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా నేల దగ్గరే ఎక్కువ చిక్కగా ఉంటుంది. మీరు నిలబడి పీలిస్తే ఏమీ తెలియదు. మోకాళ్ల మీద కూర్చుని పీల్చండి, మీ గుర్రం పీల్చేది ఆ గాలే. కళ్లు మండితే పరుపు, అంటే గుర్రం కింద నేల మీద పరిచే గడ్డీ పొట్టూ, తీసేసి కొత్తది వేయండి.

ఇక మిగతావి, వరుసగా

- పరుపు నాలుగు నుంచి ఆరు అంగుళాల మందం వేయండి. గోడల వెంబడి ఇంకా ఎత్తుగా గట్టులా పేర్చండి. గట్టు ఉంటే పొర్లే గుర్రం గోడ దాకా వెళ్లకుండా మళ్లీ మధ్యకే జారుతుంది. పెద్ద స్టాల్‌లో కూడా గుర్రాలు ఇరుక్కుంటాయి, అందుకే ఇది అందరికీ.

- గట్టు వేస్తే చోటు తగ్గుతుంది. తాడు మళ్లీ పెట్టి చూడండి.

- పరుపు తినే గుర్రమైతే ఆ పరుపు మార్చండి. మినీలకు పేగులు సన్నం, లద్దె గట్టిపడి అడ్డం పడటం వీటిలో ఎక్కువ.

- గడ్డి వల వేలాడదీయకండి. మినీకి అందేంత కిందికి కడితే కాలు అందులో చిక్కుతుంది, చిక్కకుండా పైకి కడితే తినలేదు. నేల మీద రబ్బరు మ్యాట్ వేసి దాని మీద పెట్టండి. మట్టి నేల మీద మాత్రం వద్దు, ఇసుక కడుపులోకి పోతుంది.

- మీ నడుం కింద ఉన్న ప్రతి మేకు, ప్రతి కొక్కెం వాటి కంటికి ఎదురుగా ఉన్నట్టే. ఒంగి వెతకండి. పీకేయండి.

- స్టాల్‌లో హాల్టర్ (తలకు కట్టే పట్టీ) తీసేయండి.

- కరెంటు వైరు అందనివ్వకండి. పెద్ద గుర్రాలకు అందకుండా పైన పెట్టానంటే కుదరదు, కింద వేలాడేది చూసుకోండి.

- గడియ ఒకటి చాలదు. పెదవులతో తీసేస్తాయి. తీసి నేరుగా దాణా గదికి వెళతాయి. ఒక్క రాత్రి ఎక్కువ తిన్న దాణాతో కడుపునొప్పి రావచ్చు, గిట్టల వాపు రావచ్చు. పైన ఒకటి, కింద ఒకటి పెట్టండి.

- తల్లీపిల్లలైతే తప్ప ఒకే స్టాల్‌లో రెండు గుర్రాలను పెట్టకండి. "చిన్నవే కదా" అని చోటు ఆదా చేసేది ఇక్కడే. ఒకటి మేత దగ్గర నిలబడితే రెండోది మూలకు ఒదిగి అక్కడే పడుకుంటుంది. ఆ మూలే ఇరుక్కునే మూల. పక్కపక్క స్టాల్స్ ఇవ్వండి, మధ్యలో జాలీ ఉంచండి.

- పిల్ల ఉన్న స్టాల్‌లో నీళ్ల తొట్టి పెట్టకండి. మినీ పిల్ల పుట్టినప్పుడు పది కిలోలు కూడా ఉండకపోవచ్చు. లోతు తొట్టిలో పడితే లేవలేదు. బకెట్టు, అదీ గోడకు బిగించి, తల్లి ఛాతీ ఎత్తులో.

- ఈనే రాత్రి దగ్గర ఉండండి. మినీలకు కాన్పు కష్టం కావడం పెద్ద గుర్రాల కన్నా ఎక్కువ. నొప్పులు పడుతూ తోక వైపు గోడకు ఆనించి పడుకుంటే పిల్లకు బయటికి వచ్చే దారే ఉండదు. లేపండి, మధ్యకు తిప్పండి. గట్టిగా నొప్పులు మొదలై ఇరవై నిమిషాలైనా పిల్ల రాకపోతే డాక్టర్‌కు ఫోన్. ఎదురుచూడకండి.

- వాన తగ్గిన ప్రతిసారీ బయటికి వదలండి. ఎంత పెద్ద స్టాల్ అయినా నడకకు చాలదు. నిలబడి తింటే మినీలు ఇట్టే లావెక్కుతాయి.

- రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, తెల్లవారకముందే ఒకసారి చూడండి. చూసి రమ్మని పంపడం కాదు, మీరే చూడండి.

- ఇరుక్కుని కనిపిస్తే ఒంటరిగా లోపలికి వెళ్లకండి. కాళ్లవైపు వెళ్లనే వద్దు. గోడకూ కాళ్లకూ మధ్య అసలు దూరకండి. వీపువైపు నుంచి వెళ్లండి.

- తల పట్టి లాగకండి, తోక పట్టి లాగకండి. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టూ వెడల్పాటి పట్టీ వేసి, ఇద్దరూ కలిసి గోడ నుంచి జరపండి. కాలికి తాడు వేయక తప్పకపోతే ముడి వేయకండి, మడిచి పట్టుకోండి, వదిలితే జారిపోవాలి.

- జరిపిన వెంటనే పక్కకు తప్పుకోండి. ఒక్క ఉదుటున లేస్తుంది.

- లేచింది కదా అని ఊరుకోకండి. గంటల తరబడి ఒత్తిడి పడిన కండ దెబ్బతింటుంది. మూత్రం కాఫీ రంగులో వస్తే అదే గుర్తు. లద్దె వేసిందా చూడండి, మేత తింటోందా చూడండి. మినీ మేత మానేస్తే రక్తంలో కొవ్వు ప్రమాదకరంగా పెరిగిపోతుంది, రేపు చూద్దాం అనుకునే వ్యవధి ఉండదు.

- డాక్టర్ నంబరు స్టాల్ తలుపు బయటివైపు, టార్చి వెలుగులో చదవగలిగేంత పెద్దగా రాసి పెట్టండి. ఆ తెల్లవారుజామున మా స్నేహితుడికి ఫోన్‌లో ఆ పేరు వెతకడానికే చేతులు వణికాయి.

- ఇవాళే టేపు తీసుకుని వెళ్లండి. గుర్రం ఎత్తు, దానికి రెట్టింపు, తాడు, లోపలి కొలత. నిలబడ్డ గుర్రాన్ని కాదు, పొర్లే గుర్రాన్ని. చాలకపోతే మధ్య గోడ తీయించి రెండు స్టాల్స్‌ను ఒకటి చేయండి, వానలు పట్టకముందే.