కదలికను కొలుద్దాం – 3వ పాఠం: సెన్సార్ బోర్డును కంప్యూటర్‌కు కలపడం

పోయిన పాఠంలో కదలికను కొలిచే జీవై-521 సెన్సార్ బోర్డుకు పిన్నులు సోల్డర్ చేశాం. హన్మకొండలో ఉండి, నర్సంపేట దగ్గరి పొలంలో మోటరు నిజంగా తిరుగుతోందో లేదో దాని అదురును బట్టి తెలుసుకోవాలన్నది ఈ పాఠాల లక్ష్యం. పొలం దాకా వెళ్లే ముందు టేబుల్ మీద పని కావాలి.

చాలామంది వైర్లన్నీ ఒకేసారి గుచ్చేసి, పని చేయకపోతే టెన్షన్ పడతారు. ఇందులో రెండు వేర్వేరు కనెక్షన్లున్నాయి. ఒకటి కంప్యూటర్‌కూ ఆర్డునో ఊనోకూ (మనం రాసిన ప్రోగ్రాంను నడిపే చిన్న బోర్డు) మధ్య, రెండోది ఊనోకూ సెన్సార్‌కూ మధ్య. మొదటిది ఖాయమయ్యేదాకా సెన్సార్‌ను ముట్టుకోకండి.

ఊనోను ఒక్కదాన్నే యూఎస్‌బీ కేబుల్‌తో పెట్టండి. లైటు వెలిగింది కదా అని నమ్మకండి, అది కరెంటు వచ్చిందని మాత్రమే చెబుతుంది. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లలో డేటా తీగలుండవు. లైటు వెలిగినా కంప్యూటర్‌లో పోర్ట్ కనబడకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి.

విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిస్తే పోర్ట్స్ కింద కామ్3, కామ్5 లాంటి పేరు రావాలి. తక్కువ ధర ఊనోల్లో యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌తో మాట్లాడేందుకు ఎక్కువగా సీహెచ్340 చిప్ ఉంటుంది. పేరు పక్కన పసుపు గుర్తుంటే దాని డ్రైవర్ వేయాలి. లైనక్స్‌లో డ్రైవర్ గొడవ లేదు కానీ, మీ యూజర్ పేరును పోర్టులు వాడే అనుమతి ఉన్న డయల్‌ఔట్ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ రావాలి. ఉబుంటు 22.04లో ఇంకో చిక్కుంది. బ్రెయిలీ పరికరాల కోసం ఉన్న బీఆర్ఎల్‌టీటీవై అనే ప్రోగ్రాం సీహెచ్340ని తనదే అనుకుని పట్టేసుకుంటుంది. పోర్ట్ ఇలా కనబడి అలా మాయమైతే, బ్రెయిలీ పరికరం వాడనివాళ్లు ఆ ప్రోగ్రాంను తీసేయవచ్చు.

ఊనోకు ప్రోగ్రాంలు పంపే ఆర్డునో ఐడీఈలో పోర్ట్ ఎంచుకుని బ్లింక్ స్కెచ్ (ఆర్డునో ప్రోగ్రాంను స్కెచ్ అంటారు) అప్‌లోడ్ చేయండి. బోర్డు మీది చిన్న లైటు ఆరుతూ వెలుగుతుంటే మొదటి కనెక్షన్ అయినట్టే.

ఇప్పుడు యూఎస్‌బీ తీసేసి సెన్సార్ పిన్నుల నుంచి ఊనోకు నాలుగు వైర్లు కలపండి. వీసీసీ 5 వోల్టులకు, జీఎన్‌డీ గ్రౌండ్‌కు, ఎస్‌డీఏ ఏ4కు, ఎస్‌సీఎల్ ఏ5కు. జీవై-521 మీద వోల్టేజీ తగ్గించే రెగ్యులేటర్ ఉంది కాబట్టి 5 వోల్టులు ఇవ్వవచ్చు. వేరే రకం బోర్డయితే ముందు దాని వివరాలు చూసుకోండి. వైర్లు జానెడు మించకుండా ఉంటే మంచిది.

ఊనో, సెన్సార్ ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్ వైర్ల మీద మాట్లాడుకునే పద్ధతిని ఐటూసీ అంటారు. మళ్లీ యూఎస్‌బీ పెట్టి ఐటూసీ స్కానర్ స్కెచ్ నడపండి. ఆర్డునో ఐడీఈ ఉదాహరణల్లో వైర్ కింద అది దొరుకుతుంది. ఊనో పంపే అక్షరాలు చూపే సీరియల్ మానిటర్ వేగం స్కెచ్‌లో రాసినదానితో సమానంగా ఉండాలి, లేకపోతే పిచ్చి అక్షరాలు వస్తాయి. అంతా సరిగా ఉంటే హెక్స్‌లో (పదికి బదులు పదహారు గుర్తులతో రాసే అంకెల్లో) 68 అనే సెన్సార్ అడ్రస్ కనబడుతుంది. 69 వస్తే అడ్రస్‌ను మార్చే ఏడీ0 పిన్నుకు కరెంటు అందుతోందని అర్థం, అదీ తప్పు కాదు. ఏ అడ్రసూ రాకపోతే ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్ తారుమారయ్యాయేమో చూడండి. సోల్డర్ సరిగా పట్టని పిన్ను కూడా ఇలాగే ఏడిపిస్తుంది.

అడ్రస్ వచ్చినా కొలతలు రాకపోవచ్చు. బోర్డు మీదున్న ఎంపీయూ-6050 చిప్ కరెంటు ఇవ్వగానే నిద్రలోనే ఉంటుంది. హెక్స్ 6బీ రిజిస్టర్‌లో (చిప్ లోపల విలువలు దాచే గడి) సున్నా రాస్తేనే లేస్తుంది. చాలా లైబ్రరీలు ఈ పని మనకు చెప్పకుండానే చేసేస్తాయి. నా మాట వింటే మొదటిసారి మీ చేత్తోనే రాయండి, రేపు పొలంలో అన్నీ సున్నాలే వచ్చినప్పుడు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

తర్వాత హెక్స్ 3బీ రిజిస్టర్ నుంచి వరుసగా ఆరు బైట్లు చదవండి. ఎక్స్, వై, జెడ్ దిక్కులకు రెండేసి బైట్లు, ముందు పెద్ద బైటు, వెనుక చిన్నది. బోర్డును టేబుల్ మీద పరిచి ఉంచితే జెడ్ విలువ 16384కు దగ్గరగా రావాలి. అది భూమి ఆకర్షణే, అంటే ఒక జీ. కొన్ని వందలు అటూ ఇటూ ఉన్నా కంగారు వద్దు. బోర్డును బోర్లిస్తే అంతే విలువ మైనస్‌తో రావాలి, నిలువుగా పెడితే ఎక్స్ లేదా వై పెరిగి జెడ్ సున్నా వైపు పడిపోవాలి. మూడు దిక్కులూ ఇలా తిప్పి చూసి ఆ అంకెలు రాసి పెట్టుకోండి. నాలుగో పాఠంలో మోటరు అదురును లెక్కగట్టేటప్పుడు కొలతల్లోంచి వాటినే తీసివేయాలి.