ఉన్న కూరగాయతోనే కొత్త వంట

రోజూ ఏమి వండాలన్న ప్రశ్న ఎదురైనప్పుడు, ఎరుగని వంటకాల కోసం వెతకడం కంటే, ఇంట్లో ఉన్న కూరగాయను ఎన్ని పద్ధతుల్లో వండవచ్చునో ఆలోచించడమే మేలు. బీరకాయనే తీసుకోండి. పెసరపప్పు వేసి కూర చేయవచ్చు, పాలు పోసి వండవచ్చు, వేయించి నువ్వుల పొడి చల్లవచ్చు. తీసిన చెక్కును నూనెలో మగ్గనిచ్చి, వేయించిన మినప్పప్పు, ఎండుమిర్చి, కాస్త చింతపండుతో నూరితే చక్కని పచ్చడి అవుతుంది. అయితే తరిగే ముందు చిన్న ముక్క రుచి చూసి, చేదుగా ఉన్న కాయను తప్పక పారేయాలి.

పొరుగు ప్రాంతపు పద్ధతిని అరువు తెచ్చుకోవడం నాకు అన్నిటికంటే ఇష్టమైన మార్గం. కోస్తా ఇళ్లలో అరటికాయ, కంద, పనసపొట్టు కూరలకు ఆవ పెడతారు: నానబెట్టిన ఆవాలను ఎండుమిర్చితో మెత్తగా నూరి, పొయ్యి ఆపి కూర కాస్త చల్లారాక కలపాలి, ఎందుకంటే వేడి ఎక్కువైతే ఆవ ఘాటు తగ్గిపోతుంది. తెలంగాణ పచ్చిపులుసుకైతే పులుసు కాచే పనే లేదు. చింతపండు రసంలో ఉల్లిపాయ ముక్కలు, కాల్చిన పచ్చిమిర్చి, నువ్వుల పొడి కలిపి తాలింపు పెడితే, వేసవి మధ్యాహ్నం కిచిడీకి అంతకన్నా మంచి తోడు ఉండదు.

పిల్లలను రైతుబజారుకు తీసుకువెళ్లి, ఆ వారపు ఆకుకూరను వారినే ఎంచుకోనివ్వండి. వారు గోంగూర గానీ చుక్కకూర గానీ ఎంచుకుంటే, పప్పులో చింతపండు మానేయవచ్చు.