కారు టైర్లలో గాలి ఎలా చూసుకోవాలి?

పెట్రోల్ బంకులో గాలి కొట్టే కుర్రాడికి "ముప్పై మూడు పెట్టు బాబూ" అని చెప్పేసి ఫోన్‌లో తల దూర్చేవాళ్లే ఎక్కువ. అంకె సరైనదే కావచ్చు. దాన్ని ఎప్పుడు పెట్టిస్తున్నామన్న దగ్గరే అందరూ బోల్తా పడతారు.

కావలసింది ఒక ప్రెషర్ గేజ్. డిజిటల్‌దే కొనండి. పుల్ల బయటికి పొడుచుకొచ్చే రకం నాకు నచ్చదు, మీరూ కొనకండి. ఎంత గాలి ఉండాలో డ్రైవర్ తలుపు తీస్తే పక్క చట్రం మీద స్టిక్కర్‌లో ఉంటుంది. టైరు మీద అచ్చుపోసిన అంకెను చూసి కొట్టించకండి, అది ఆ టైరు మోయగల గరిష్ఠం.

1. వాల్వ్ మూత తీసి జేబులో వేసుకోండి. నేల మీద పెడితే దొరకదు.

2. గేజ్‌ను వాల్వ్‌కి వంకర లేకుండా నొక్కండి. బుస్సుమనడం ఆగాక అంకె చూడండి.

3. ఈ కొలత టైరు చల్లగా ఉన్నప్పుడే తీయాలి. బండి కనీసం 3 గంటలు ఆగి ఉండాలి. పొద్దున్నే ఇంటి దగ్గర చూసుకోవడమే పద్ధతి. ఒక పక్కే ఎండ పడుతుంటే ఆ పక్క టైర్లు ఎక్కువ చూపిస్తాయి, కాబట్టి నీడలో చూడండి.

ఇంత పట్టింపు ఎందుకంటే, టైరు లోపలి చోటు పెద్దగా మారదు. చోటు మారకుండా గాలి వేడెక్కితే పీడనం పెరుగుతుంది. ఎంత పెరుగుతుందో లెక్క కట్టడానికి రెండు సంగతులు గుర్తుండాలి. ఉష్ణోగ్రతను కెల్విన్‌లోకి మార్చాలి, అంటే సెల్సియస్‌కి 273 కలపాలి. గేజ్ చూపించేది బయటి గాలికంటే ఎంత ఎక్కువో మాత్రమే కాబట్టి దానికి వాతావరణ పీడనం 14.7 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు, గేజ్ మీద ఉండే కొలమానం) కలపాలి.

పొద్దున 25 డిగ్రీల దగ్గర 33 పీఎస్ఐ ఉందనుకోండి. అసలు పీడనం 47.7. హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద పోతుంటే టైరులో గాలి 50 డిగ్రీలకు చేరిందనుకుందాం. 47.7ను 323తో హెచ్చవేసి 298తో భాగిస్తే 51.7. అందులోంచి 14.7 తీసేస్తే గేజ్ మీద 37. సెల్సియస్‌లోనే లెక్కేసి, 25 కాస్తా 50 అయింది గనక పీడనం రెట్టింపై 66 అవుతుందని వాదించేవాళ్లూ ఉన్నారు. వాళ్లతో నాకు ఓపిక లేదు.

ఇప్పుడు దారిలో ఆగిన చోట గాలి కొట్టే కుర్రాడు ఆ 37 చూసి, "ఎక్కువైంది సార్, తీసేద్దాం" అంటాడు. ససేమిరా ఒప్పుకోకండి. వేడి మీద 33కి దించితే, మర్నాడు పొద్దున చల్లారాక 29 చూపిస్తుంది. గాలి తక్కువైన టైరు పక్కగోడలు తిరిగిన ప్రతిసారీ నలిగి ఇంకా వేడెక్కుతాయి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో హైవే మీద టైరు పేలడానికి ఇదో పెద్ద కారణం. వేడికి పెరిగే నాలుగైదు పీఎస్ఐ తయారీదారులు లెక్కలో వేసుకున్నదే, టైరు తట్టుకుంటుంది.

చలికాలంలో ఇది తిరగబడుతుంది. ఆదిలాబాద్‌లో మధ్యాహ్నం 30 డిగ్రీలప్పుడు 33 పెట్టించిన బండి, తెల్లవారి 10 డిగ్రీల చలిలో 30 చూపిస్తుంది. పంక్చర్ అని పరుగెత్తకండి. పొద్దున చలిలోనే మళ్లీ 33 చేసుకోండి, సరిపోతుంది.

నైట్రోజన్ కొట్టిస్తే వేడికి పీడనం పెరగదని అమ్మేవాళ్లు చెబుతారు. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే. ఈ పీడనాల దగ్గర ఏ వాయువైనా ఉష్ణోగ్రతతో దాదాపు ఒకేలా పెరుగుతుంది. 1802లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త గేలుసాక్ వాయువుల మీద చేసిన ప్రయోగాల్లో తేలిందీ ఇదే తరహా సంగతి. తేమ ఉండదన్న లాభం ఒకటి ఉంది, దానికోసం నేనైతే డబ్బు పెట్టను.

4. తక్కువుంటే కొద్దికొద్దిగా కొట్టి మళ్లీ కొలవండి. నాలుగూ అయ్యాక స్టెప్నీ కూడా చూడండి, మూతలు బిగించండి.